తావో అంటే తోవేనట!



ఈ నెల ప్రసంగానికని రేడియోవారు పంపిన కాగితంలో విషయం చూసి ముందు కంగారుపడ్డాను. చరిత్రలో తావో మతానికి చెందిన ప్రముఖుల గురించి చెప్పమని వుంది. నేను చదివింది పదో తరగతి. చైనాదేశపు మతం గురించి నాకేం తెలుస్తుంది, గోదావరి ఒడ్డున కాపరాలు చేసుకునే మనకి దానితో ఏం పని, అనిపించింది. కాగితం తిరగ్గొట్టేద్దామనుకుంటూనే గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళి నాలుగు పుస్తకాలు తిరగేశాను. తిరగేసిన తర్వాత తెలిసింది, ఈ కథకీ మన ఊళ్ళకీ సంబంధం లేకపోలేదని. అంతేకాదు, మా మేనమామగారింట్లో జరిగిన ఒక సంగతి కూడా దీనితో ముడిపడి వుందని తోచింది. అన్నీ వరుసగా మనవి చేస్తాను, చిత్తగించండి.

ముందు మాట సంగతి చూద్దాం. చైనా భాషలో "తావో" అంటే దారి. మనం దారిని తోవ అంటాం కదా! రెండు మాటలకీ చుట్టరికం ఏమీ లేదు, వినడానికలా కలిసొచ్చాయంతే. కాని గుర్తుపెట్టుకోవడానికి మనకి బాగుంటుంది. తావో అంటే తోవ.

ఈ మతానికి మూలపురుషుడు లావోత్సే. అది పేరు కాదు, ముసలి గురువుగారు అని అర్థం. క్రీస్తుకి పూర్వం ఆరో శతాబ్దంవాడని సంప్రదాయం చెబుతుంది. రాజుగారి గ్రంథాలయంలో ఉద్యోగం చేశాడట. రాజ్యం చెడిపోతుంటే విసుగెత్తి పడమటి దిక్కుకి ప్రయాణం కట్టాడట. సరిహద్దు కనుమ దగ్గర కాపలా అధికారి ఆయన్ని ఆపి, తెలిసింది రాసిచ్చి మరీ వెళ్ళమన్నాడట. అప్పుడు రాసిచ్చినదే తావో తె చింగ్. 81 చిన్న అధ్యాయాలు, అంతా కలిపి సుమారు 5000 చైనా అక్షరాలు. బలవంతాన ఏదీ చేయబోకు, నీటిలాగా వంగి వుండు, పల్లానికి పోవడంలోనే నీటికి గొప్ప వుంది, అన్న ధోరణిలో సాగుతుందా పుస్తకం. కాలవల మీదా బోదెల మీదా బతికే డెల్టావాళ్ళకి నీటి గొప్పతనం ఒకరు చెప్పాలా!

ఆయన తర్వాత చువాంగ్‌త్సే అని ఒకాయన, క్రీస్తుకి పూర్వం నాలుగో శతాబ్దంవాడు. సీతాకోకచిలక అయినట్టు కలగని, లేచి, మనిషినైన నేను చిలకనని కలగన్నానా, లేక చిలక ఇప్పుడు మనిషినని కలగంటోందా అని ఆలోచనలో పడ్డది ఈయనే. భార్య పోయినప్పుడు కుండ వాయిస్తూ పాట పాడుతూ కూర్చున్నాడట. చూడవచ్చిన స్నేహితుడు చీవాట్లు పెడితే, మొదట్లో నేనూ ఏడ్చాను, కాని రుతువులు మారినట్టే ఆమె కూడా మారిందని తెలుసుకుని ఊరుకున్నాను అన్నాడట. వేదాంతం గొప్పదే. ఆ ఇల్లాలి పుట్టింటివాళ్ళు విని ఏమన్నారో మాత్రం పుస్తకాల్లో లేదు.

సరే, ఇక మన ఊరి సంగతికి వద్దాం.

హుయాన్‌త్సాంగ్ పేరు మన పిల్లల చరిత్ర పుస్తకాల్లో వుంటుంది. ఆయన తావో మతస్థుడు కాదు, బౌద్ధ భిక్షువు. బౌద్ధ గ్రంథాల కోసం చైనా నుంచి నడిచి బయల్దేరి, దేశమంతా తిరిగి, 645లో 657 గ్రంథాలతో తిరిగి వెళ్ళాడు. ఆ తిరుగుళ్ళలోనే సుమారు 639 ప్రాంతంలో కోసల దేశం నుంచి అడవులు దాటి దక్షిణంగా ఆంధ్రదేశానికి వచ్చాడు. ఆంధ్ర రాజధానికి ఆయన రాసిన పేరు మన వేంగి అనే పండితుల అభిప్రాయం. అంటే ఏలూరికి 12 కిలోమీటర్ల దూరంలో వున్న పెదవేగి. కోసల నుంచి వేంగికి రావాలంటే గోదావరి దాటకుండా రాలేడు కదా. మన గోదావరి నీళ్ళు తాగిన మనిషే అనుకోవచ్చు.

అప్పటికి తూర్పు చాళుక్యుల ఏలుబడి కొత్త. ఆయన ఏం రాశాడో చూడండి. నేల సారవంతమైనది, ఎండ జాస్తి, మనుషులకి ఆవేశం ఎక్కువ అన్నాడు. ఇందులో ఏదీ మనం కాదనేది లేదు! భాష మధ్యదేశపు భాషకంటే వేరుగా వుంది కాని, రాత మాత్రం ఇంచుమించు అక్కడి రాతలాగే వుందన్నాడు. ఇరవై పైచిలుకు ఆరామాలు, మూడువేల మంది భిక్షువులు, ముప్ఫై పైచిలుకు దేవాలయాలు వున్నాయని లెక్క చెప్పాడు. పట్నానికి నైరుతి దిక్కున ఒంటరి కొండ మీద దిఙ్నాగుడు తర్కశాస్త్రం రచించాడని కూడా రాశాడు. అక్కణ్ణుంచి ధాన్యకటకం, అంటే మన అమరావతి ప్రాంతానికి వెళ్ళి, ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలపాటు శాస్త్రం చదువుకున్నాడు.

ఇలా మన నేలమీద నడిచి వెళ్ళినాయన చేతిలోకే లావోత్సే పుస్తకం వచ్చిపడింది. అదెలాగంటే, చైనా రాయబారులు కామరూపానికి, అంటే ఇప్పటి అస్సాంకి వచ్చినప్పుడు అక్కడి రాజు భాస్కరవర్మ ఒక కోరిక కోరాడు. మీ లావోత్సే విగ్రహం ఒకటి పంపండి, ఆయన గ్రంథాన్ని సంస్కృతంలోకి మార్చి పంపండి అని. చైనా చక్రవర్తి తాయ్‌త్సుంగ్‌కి పరమానందమైంది. ఎందుకంటే వాళ్ళది లీ అనే ఇంటిపేరు, లావోత్సేదీ అదే ఇంటిపేరు, మేమంతా ఆయన సంతతివాళ్ళమేనని వాళ్ళు చెప్పుకునేవారు. 647లో హుయాన్‌త్సాంగ్‌ని పిలిచి, ఈ పని నువ్వే చెయ్యాలన్నాడు. సాయానికి ముప్ఫైమంది వరకు తావో పండితులని కూర్చోబెట్టారు. వాళ్ళలో పెద్దలు చెంగ్ షువాన్‌యింగ్, త్సాయ్ హువాంగ్ అని ఇద్దరు.

కూర్చున్నారు, పోట్లాట మొదలైంది. ఎక్కడనుకున్నారు? మొట్టమొదటి మాట దగ్గరే. "తావో"ని సంస్కృతంలో ఏమనాలి? "బోధి" అనాలన్నారు తావో పండితులు. బోధి అంటే పరమజ్ఞానం, మాటకి గౌరవం వుంటుందని వాళ్ళ ఆశ. ఒప్పుకోనన్నాడు హుయాన్‌త్సాంగ్. తావో అంటే దారి కనుక "మార్గం" అనే రాయాలన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ఆయన పట్టు. పెళ్ళి సంబంధాల దగ్గర పిల్లవాడి ఉద్యోగం పెంచి చెప్పొద్దు, ఉన్నది చెప్పండి అనే పెద్దమనిషిలాంటివాడన్నమాట.

ఇందులో ఇంకో తమాషా వుంది. ఆ తావో పండితులు తమ మతానికి అర్థం చెప్పడానికి ఎవరి గ్రంథాన్ని ఆసరా చేసుకున్నారో తెలుసా? మన నాగార్జునుడి మాధ్యమిక శాస్త్రాన్ని! అది 409లోనే చైనా భాషలోకి వెళ్ళింది. శాతవాహన రాజుకి హితవు చెబుతూ లేఖ రాశాడనీ, శ్రీపర్వతం మీద వున్నాడనీ మనం చెప్పుకునే నాగార్జునుడే. చైనాలో తావోవాదులు మన ఆంధ్ర ఆచార్యుణ్ణి సాక్ష్యం పిలిస్తే, ఆంధ్రదేశం తిరిగి వెళ్ళిన భిక్షువేమో ఈ మాట అక్కడ, ఆ మాట ఇక్కడ అతికించవద్దని వాళ్ళని వారించాడు. పుస్తకానికి ముందు కలపమన్న పీఠికని కూడా అనువదించనన్నాడు. అందులో పళ్ళు టకటకలాడించడం, ఉమ్మి మింగడం వంటి సాధనలున్నాయి, హిందూదేశంలో చదివితే నవ్వుతారు అన్నాడు. ఎలాగో అనువాదం పూర్తయింది. ఈనాడు ఒక్క ప్రతి కూడా మిగల్లేదు. మిగిలి వుంటే, మన భాషల్లోకి లావోత్సే పదమూడువందల ఏళ్ళ ముందే వచ్చి వుండేవాడు.

నాగార్జునుడి పేరు వచ్చింది కనుక రెండో కథ కూడా చెప్పాలి. హుయాన్‌త్సాంగ్ ఆంధ్రకి రావడానికి ముందు కోసలలో విని రాసుకున్నది ఇది. నాగార్జునుడికి ఆయువు పెంచే మందు తెలుసుననీ, దానితో తానూ, శాతవాహన రాజూ వందల ఏళ్ళు బతికారనీ, ఆరామం కట్టడానికి డబ్బు చాలకపోతే రాళ్ళని బంగారం చేశాడనీ. రాజు చావకపోతే సింహాసనం రాదని రాజకుమారుడు దిగులుపడి, చివరికి నాగార్జునుడి తలనే దానమడిగాడట. ఆయన ఇచ్చేశాడట. తత్వశాస్త్రం రాసిన నాగార్జునుడు వేరు, రసవాదం చేసిన నాగార్జునుడు వేరు అని ఇప్పటి పండితులు అంటున్నారు. కాని జనం నోట ఇద్దరూ ఒకటైపోయారు.

బంగారం చెయ్యడం, చావు లేకుండా చేసుకోవడం. ఈ రెండు ఆశలూ తావో మతంలోనూ విపరీతంగా వున్నాయి. అందుకే ఇక్కడ మా మేనమామగారి సంగతి చెప్పక తప్పదు.

మా అమ్మకి పెద్దన్నగారు. కోనసీమలో ఊరు. నాలుగెకరాల కొబ్బరితోట, ఇంటినిండా పాడి. నా చిన్నతనంలో వాళ్ళ ఊరికి ఒక సాధువు వచ్చి అరుగుమీద మకాం పెట్టాడు. రాగిని బంగారం చేసే విద్య తనకి తెలుసునన్నాడు. మామయ్య నమ్మాడు. పాదరసమని కొన్నాళ్ళు, మూలికలని కొన్నాళ్ళు, పుటం పెట్టడానికి పిడకలు బళ్ళకొద్దీ. పెరట్లో పొగ ఆరేది కాదు. ఏడాది తిరిగేసరికి రెండెకరాల తోట అమ్ముడైంది. మా అత్తయ్య మెడలో నాను, చేతుల గాజులు కూడా "విత్తనపు బంగారం" పేరుతో ఆ కుంపటిలోకే వెళ్ళాయి. ఒక తెల్లవారుజామున సాధువు లేడు. కుంపటి దగ్గర మసిపట్టిన రాగిచెంబు ఒకటి మిగిలింది. మామయ్య సిగ్గుతో ఆర్నెల్లు వీధిలోకి రాలేదు. ముగ్గురు పిల్లల్ని అత్తయ్య అప్పడాలు ఒత్తి, వడియాలు పెట్టి అమ్మి చదివించింది.

అందుకని ఈ చరిత్ర చదువుతుంటే, కుంపటి దగ్గర కూర్చున్న మగవాళ్ళకంటే, వాళ్ళ వెనక వంటింట్లో వున్న ఆడవాళ్ళే నాకు ముందు కనిపించారు.

చక్రవర్తులు కూడా మా మామయ్యలాంటివాళ్ళే సుమండీ. లావోత్సే అనువాదం చేయించిన తాయ్‌త్సుంగ్ దగ్గరికి 648లో హిందూదేశం నుంచి నారాయణస్వామి అనే ఆయన్ని తీసుకెళ్ళారు. తనకి రెండువందల ఏళ్ళనీ, చావులేని మందు చేస్తాననీ ఆయన చెప్పాడట. దేశం నలుమూలల నుంచీ మూలికలూ రాళ్ళూ తెప్పించారు. మందు తయారైంది. 649లో చక్రవర్తి కాలం చేశాడు. ఆ మందే ముంచిందని తర్వాతి కాలపు మంత్రులు నిండు కొలువులో గుర్తుచేశారు.

దీనికి సరైన జవాబు చెప్పిన తావో గురువు ఒకాయన వున్నాడు. పేరు చియు చూజీ. లోకాన్ని గడగడలాడించిన చెంఘిజ్‌ఖాన్ ఆయన పేరు విని, రమ్మని కబురుపెట్టాడు. డెబ్భై ఏళ్ళు దాటిన ముసలాయన చైనా తూర్పు కొస నుంచి కొండలు, ఎడారులు దాటుకుంటూ 1222లో హిందూకుష్ పర్వతాల దగ్గర ఖాన్ గుడారానికి చేరాడు. ఖాన్ అడిగిన మొదటి ప్రశ్న, నాకోసం చావులేని మందు ఏం తెచ్చావని. ఆరోగ్యం కాపాడుకునే పద్ధతి వుంది కాని చావులేని మందనేది లేదని ముసలాయన ఉన్నమాట చెప్పేశాడు. ఎవరి ఎదుట చెప్పాడో ఆలోచించండి. ఖాన్ కోపగించలేదు సరిగదా, నిజం చెప్పినందుకు మెచ్చుకుని, ఆయన శిష్యులకి పన్నులు తీసేశాడు. 1227లోనే ఇద్దరూ పోయారు.

అలాగని తావోవాదుల కుంపట్లన్నీ వృథా అనకూడదు. కో హుంగ్ అని నాలుగో శతాబ్దపు పండితుడు, 283 నుంచి 343 వరకు జీవించినవాడు. బంగారు గుళిక కోసమని పెద్ద గ్రంథమే రాశాడు. దాన్ని నమ్మినవాళ్ళు బాగుపడిన దాఖలా లేదు. కాని ఆయనే బీదసాదల కోసం ఇంకో చిన్న పుస్తకం రాశాడు, మోచేతి దగ్గర చొక్కాచేతిలో పెట్టుకు తిరగదగిన వైద్య పుస్తకం. అందులో చలిజ్వరానికి ఒక ఆకు చెప్పాడు. పిడికెడు ఆకు నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు. పదహారువందల ఏళ్ళ తర్వాత, 1970 ప్రాంతాల్లో తూ యూయూ అనే చైనా శాస్త్రజ్ఞురాలు మలేరియాకి మందు వెతుకుతూ ఆ చిన్న వాక్యం దగ్గర ఆగింది. అందరూ ఆకుని కాచి కషాయం తీస్తున్నారు, ఈయనేమో నానబెట్టి పిండమన్నాడు, వేడికి గుణం పోతోందేమో అనుకుంది. తక్కువ వేడిలో సారం తీసి చూస్తే మందు పనిచేసింది. అదే ఆర్టెమిసినిన్. 2015లో 84 ఏళ్ళ వయసున ఆమెకి నోబెల్ బహుమానం ఇచ్చారు. మన్యం జ్వరం అంటే ఏమిటో మన ఏజెన్సీవాళ్ళని అడగండి, ఆ మందు విలువ తెలుస్తుంది. కాచేదేదో, నానబెట్టేదేదో తెలియడం చిన్న విషయమేమీ కాదని వంటింట్లో మనకి తెలియదూ!

కో హుంగ్ భార్య పావ్ కూ కూడా వైద్యురాలే. ఎండిన ఆకుని కాల్చి ఆ వేడి పెట్టి నయం చేసేదని దక్షిణ చైనాలో ఆమెని ఈనాటికీ తలుచుకుంటారు.

ఆడవాళ్ళ మాట వచ్చింది కనుక మరో ఇద్దరి సంగతి చెప్పి ముగిస్తాను.

తావో మతం సంఘంగా ఏర్పడ్డది 142 ప్రాంతంలో, చాంగ్ తావోలింగ్ అనే గురువుతో. ఆ సంఘంలో చేరేవాళ్ళు ఇంటికి అయిదు కుంచాల బియ్యం ఇవ్వాలట. అందుకని దానికి అయిదు కుంచాల బియ్యం మతమని పేరొచ్చింది. ఆ సంఘంలో ఆడవాళ్ళకి కూడా పూజారి పదవి వుండేది. అలాంటి పదవి చేసినావిడ వెయ్ హువాత్సున్, 252లో పుట్టింది. పెద్ద ఉద్యోగి కూతురు. చిన్నప్పటి నుంచీ గ్రంథాల మీదే ధ్యాస. పెళ్ళి వద్దంది. తల్లిదండ్రులు వినలేదు, 24వ ఏట చేసేశారు. కాపరం చేసింది, ఇద్దరు కొడుకులని కన్నది. పిల్లలు కాస్త ఎదిగాక భర్తని అడిగి ఇంట్లోనే ఒక వేరే గది తీసుకుని, అక్కడ సాధన మొదలుపెట్టింది. భర్త పోయాక, దేశం అల్లకల్లోలమైతే పిల్లల్ని తీసుకుని పెద్ద నది దాటి దక్షిణానికి వచ్చింది. 334లో ఆమె పోయిన ముప్ఫై ఏళ్ళకి ఒక కొత్త శాఖ పుట్టి, ఆమెనే తమ మొదటి గురువుగా చెప్పుకుంది.

వేరే గది! మనలో ఎంతమందికి వుందండీ, తలుపు వేసుకుని ఒక గంట మనదనుకునే గది?

రెండో ఆవిడ సున్ పుఅర్, 1119లో పుట్టింది. కలిగినవారి ఇల్లు, భర్త, ముగ్గురు కొడుకులు. 1167లో వాంగ్ చుంగ్‌యాంగ్ అనే గురువు వచ్చి వాళ్ళ తోటలో గుడిసె వేసుకుని వంద రోజులు తలుపు మూసుకుని కూర్చున్నాడు. పది రోజులకొకసారి ఆ దంపతులకి ఒక బేరిపండు ముక్కలు చేసి పంపేవాడు. వాళ్ళ భాషలో బేరిపండునీ, విడిపోవడాన్నీ ఒకేలా పలుకుతారు. ముక్కలు చేసిన పండుకి అర్థం, సంసారం వదలమని. ముందు భర్త మా యూ వెళ్ళిపోయాడు. ఆమె వెంటనే కదలలేదు. ఇల్లు చక్కబెట్టి, యాభై ఏళ్ళ వయసులో 1169లో తనూ బయల్దేరింది. ఆ గురువుగారికి పేరుపడ్డ శిష్యులు ఏడుగురు. ఖాన్‌కి నిజం చెప్పిన చియు చూజీ వాళ్ళలో ఒకడు, ఏడుగురిలో స్త్రీ ఈమె ఒక్కతే. ఆమెకి గురువుగారు పెట్టిన పేరు పుఅర్. దాని అర్థమేమిటో చూసి ఉలిక్కిపడ్డాను. "రెండు కానిది" అని అర్థం. మనం అద్వైతమంటామే, అదే! 1182లో ఆమె కన్నుమూసింది. ఆమె పేరు మీద స్త్రీల సాధనకి ఒక శాఖే నడిచింది.

ఈ కథలు చెప్పి నేనేమీ మిమ్మల్ని ఇల్లు వదిలి పొమ్మనడం లేదు. వాళ్ళలో ఒకామె ఇంట్లోనే గది అడిగింది, ఒకామె పనులన్నీ తీర్చుకుని వెళ్ళింది. ఇద్దరూ మనలాగే అత్తవారింట వండి వార్చినవాళ్ళే. వాళ్ళ దారి వాళ్ళు చూసుకోవడానికి యాభై ఏళ్ళ వయసు కూడా అడ్డురాలేదు. నలభైలు దాటాక ఇంకేముందిలే అని మనం చాప చుట్టేస్తుంటాం చూడండి, అప్పుడు వీళ్ళని తలుచుకుంటే మంచిది.

మొన్న పెళ్ళికి ఏలూరు వెళ్ళినప్పుడు మావారిని బతిమాలి పెదవేగి దాకా వెళ్ళొచ్చాను. అది ఇప్పుడు ఏలూరు జిల్లా. పురావస్తుశాఖవారు తవ్విన దిబ్బలూ, పాత ఇటుకలూ, చుట్టూ తోటలూ. ఆ దేశంకాని దేశపు భిక్షువు ఈ మట్టిలోనే నడిచి వెళ్ళి, దారిని దారి అనే రాస్తాను, ఇంకో మాట రాయనని అంతమందిలో నిలబడ్డాడు కదా అనుకుంటే ఒళ్ళు పులకరించింది.

మా అత్తయ్య పోయి ఆరేళ్ళయింది. ఆ సాధువు వదిలిపోయిన రాగిచెంబుని ఆవిడ పారెయ్యలేదు. రోజూ చింతపండు పెట్టి తోమి, అందులోనే నీళ్ళు తెచ్చి తులసికోటలో పోసేది. దాన్ని చూస్తే మీకు కోపం రాదా అత్తయ్యా అని ఒకసారి అడిగాను. "చెంబేం చేసిందే పిచ్చిపిల్లా, రాగి రాగిగానే వుంది, దానికి బుద్ధుంది" అన్నది. ఇప్పుడది మా ఇంట్లో వుంది. ఈ ప్రసంగం రాసుకున్న రోజున దాన్నే తోముతూ కూర్చున్నాను.